వియన్నాలో చివరి రోజులు: చూసినవాటినే మళ్లీ చూసిన అనుభవం

విదేశీ నగరానికి సెలవుల్లో వెళ్లేవారు మొదటి రోజులకు ఎంతో శ్రద్ధగా ప్రణాళిక వేసుకుంటారు. చివరి రోజుల గురించి ఆలోచించేవారు తక్కువ. జాబితాలో మిగిలిపోయినవాటి వెంట పరుగులకో, బహుమతులు కొనడానికో, సామాను సర్దడానికో అవి తెలియకుండానే ఖర్చయిపోతాయి. మా అక్కా నేనూ ఒక సెప్టెంబరు నెలాఖరులో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఉన్నప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందున్న గురువారం నుంచి ఆదివారం దాకా వేరుగా పెట్టుకొని, ఆ రోజుల్లో కొత్త ప్రదేశాలను వీలైనంత తగ్గించి, అప్పటికి చూసి ఇష్టపడిన చోట్లకే మళ్లీ వెళ్లాలని నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయం ఎలా అమలయిందో, దానికి ఏయే ఏర్పాట్లు అవసరమయ్యాయో, అందులో మాకు దక్కిన ఆనందం ఎటువంటిదో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

షోన్‌బ్రున్ ప్రాసాదం, హోఫ్‌బుర్గ్, సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్, బెల్వెడేర్ వంటి ముఖ్యమైన చోట్లన్నీ అప్పటికే చూసేశాం. ఇక మా ముందు రెండు ఆకర్షణలు మిగిలాయి. రైల్లో సుమారు గంట దూరంలో ఉన్న స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా ఒకటి, డాన్యూబ్ ఒడ్డున ఉన్న మెల్క్ మఠం మరొకటి. రెండూ పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినవే. అక్క విజయవాడలో చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి కనుక, ఆమె వాటిని వదులుకోవడానికి ఒప్పుకోదనుకున్నాను. కానీ వద్దన్నది ఆమే. "ఇంకో రెండు ఊళ్ల పేర్లు చెప్పుకోవడానికి పనికొస్తాయి గానీ, ఈ ఊరే మనకింకా సరిగ్గా తెలియలేదే. చూసినవాటినే నిదానంగా ఇంకోసారి చూద్దాం" అంది. ఆ మాట నాకు వెంటనే సబబుగా తోచింది. మొదటిసారి ఏ చోటికి వెళ్లినా, దారి వెతుక్కోవడంలోనూ, టికెట్టు కొనడంలోనూ, ఏ గదిలో ఏముందో తెలుసుకోవడంలోనూ సగం దృష్టి పోతుంది. రెండోసారి వెళ్లినప్పుడు ఆ భారమేదీ ఉండదు. కళ్లు మనం వచ్చిన పని మీదనే నిలుస్తాయి.

వియన్నాలో ఏ పని ఏ రోజు పెట్టుకోవాలన్నది తెలిసి ఉండడం చాలా ముఖ్యం. ఆదివారం నాడు అక్కడ దాదాపు దుకాణాలన్నీ మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోని కొద్దిపాటి దుకాణాలు తప్ప, సరుకులు అమ్మే సూపర్ మార్కెట్లు సైతం తెరవరు. అందువల్ల కొనవలసినవన్నీ శనివారం నాటికే కొనేయాలి. గురువారం సాయంత్రం కళా చరిత్ర మ్యూజియం రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. నాష్‌మార్క్ట్ అంగళ్ల పక్కన పాత వస్తువుల సంత శనివారం ఒక్కనాడే జరుగుతుంది. పాటలతో నడిచే సంగీత నాటకమైన ఒపేరాను నిలబడి చూసే టికెట్లను ప్రదర్శన రోజునే అమ్ముతారు. వీటన్నిటినీ ఒక కాగితం మీద వేసుకొని చూస్తే మా రోజుల క్రమం దానంతట అదే తేలిపోయింది. గురువారం సాయంత్రం మ్యూజియం, శుక్రవారం శ్మశానవాటికా కాఫీహౌసూ, శనివారం సంత, కొనుగోళ్లు, ఒపేరా, ఆదివారం కొండమీది నడక. పెద్ద పెట్టెలు రెండూ శనివారం మధ్యాహ్నమే సర్ది తాళం వేసేయాలని కూడా అందులో రాసుకున్నాం. ఆ ఒక్క ఏర్పాటు వల్లనే ఆదివారమంతా మనసు తేలికగా గడిచిందని నా నమ్మకం.

కళా చరిత్ర మ్యూజియం రింగ్ రోడ్డు మీద ఉంది. నగరం చుట్టూ ఉన్న కోటగోడలను పడగొట్టమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఉత్తర్వు ఇచ్చిన తర్వాత, ఆ స్థలంలో వేసిన విశాలమైన వలయ మార్గం అది. మ్యూజియం 1891లో ప్రారంభమైంది. ఎదురుగా దాని కవలలా ప్రకృతి చరిత్ర మ్యూజియం, రెంటి నడుమ రాణి మారియా థెరీసా విగ్రహం ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఈజిప్టు గదుల నుంచి మొదలుపెట్టి రూబెన్స్ చిత్రాల దాకా నడిచి, పీటర్ బ్రూగెల్ చిత్రాలున్న గదికి చేరేసరికి అలసిపోయి ఉన్నాం. ఈసారి మళ్లీ టికెట్టు కొనుక్కొని, మెట్లెక్కి, మరే గదిలోనూ ఆగకుండా నేరుగా ఆ గదికే వెళ్లాం. బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువగా ఆ ఒక్క మ్యూజియంలో ఉన్నాయి. రాత్రి ఏడు దాటాక గదిలో జనం పలచబడ్డారు. మధ్యనున్న ఆసనం మీద కూర్చుని తీరిగ్గా చూసే అవకాశం అప్పుడు దొరికింది.

"మంచులో వేటగాళ్లు" అనే చిత్రం 1565 నాటిది. ఏడాదిలోని కాలాలను వరసగా చిత్రించిన మాలికలో ఈనాటికి మిగిలిన ఐదింటిలో మూడు ఈ మ్యూజియంలోనే ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి. మొదటిసారి నాకు అందులో కనిపించింది ముగ్గురు వేటగాళ్లు, వెనక నడిచే కుక్కలు, కింద గడ్డకట్టిన చెరువు మీద ఆడుకునే జనం మాత్రమే. రెండోసారి అక్క ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చింది. అంతమంది వేటకు వెళ్లి తెచ్చింది ఒక్క నక్కనే. కుక్కలు తలలు వాల్చి నడుస్తున్నాయి. ఎడమవైపు సత్రం ముందు వేలాడే బోర్డు ఒక కొక్కెం ఊడి పక్కకు ఒరిగిపోయింది. దాని కింద కొందరు మంట వేసి పంది చర్మాన్ని కాలుస్తున్నారు. కుడివైపు చిన్న వంతెన మీద ఒక స్త్రీ కట్టెలమోపు మోసుకొని నడుస్తోంది. దూరాన ఒక ఇంటి పొగగొట్టానికి నిప్పంటుకుంటే, నిచ్చెన వేసుకొని కొందరు ఆర్పబోతున్నారు. ఆ మంటను నేను మొదటిసారి చూడనే లేదు. అంత చలిలో, అంత నిశ్శబ్దంగా కనిపించే ఊళ్లో కూడా ఎవరి పని వారు చేసుకుంటూ, ఎవరి కష్టం వారు పడుతూ ఉన్నారని గ్రహించాక, ఆ చిత్రం ముందు నుంచి లేవాలనిపించలేదు.

పక్కనే ఉన్న "బేబెల్ గోపురం" 1563లో వేసినది. బ్రూగెల్ యువకుడిగా ఉన్నప్పుడు రోమ్ నగరానికి వెళ్లి వచ్చాడు. గోపురపు అంతస్తులను చూస్తే అక్కడి కొలోసియం గుర్తుకు రాక మానదు. కింద రాజు వచ్చినప్పుడు రాతిపనివాళ్లు మోకరిల్లడం మొదటిసారీ చూశాం. కానీ బరువులెత్తే యంత్రం చక్రంలో మనుషులు నడుస్తూ దాన్ని తిప్పుతున్నారన్నది ఈసారే కనిపించింది. ఆ చక్రం దగ్గర అక్క చాలాసేపు నిలబడిపోయింది. చరిత్ర పుస్తకాల్లో రాజుల పేర్లుంటాయి గానీ ఆ చక్రంలో నడిచినవాళ్ల పేర్లుండవని, బ్రూగెల్ మాత్రం వాళ్లకు చోటిచ్చాడని అంది. మూసివేసే వేళ కాపలాదారు వచ్చి మర్యాదగా చెప్పేదాకా అక్కడే ఉన్నాం. ఒక మ్యూజియంలో సాయంత్రమంతా ఒకే గదిలో గడపడం అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. ఇకముందు ఏ మ్యూజియంకు వెళ్లినా ఒక పూటను అలా కేటాయించుకోవాలని అనుకున్నాం.

శుక్రవారం ఉదయం 71వ నంబరు ట్రామ్ ఎక్కి కేంద్ర శ్మశానవాటికకు వెళ్లాం. చివరి రోజుల్లో మేము చేర్చుకున్న కొద్దిపాటి కొత్త ప్రదేశాల్లో ఇదొకటి. సెలవుల్లో శ్మశానానికి వెళ్లడం మనవాళ్లకు వింతగా తోచవచ్చు. అయితే 1874లో తెరిచిన ఆ వాటిక రెండున్నర చదరపు కిలోమీటర్ల మేర చెట్లతో, వెడల్పాటి దారులతో, బెంచీలతో పెద్ద తోటలా ఉంటుంది, వియన్నా ప్రజలు అక్కడికి నడకకు కూడా వస్తారు. రెండో ద్వారం నుంచి కొంచెం నడిస్తే సంగీతకారుల సమాధులు ఒకే చోట కనిపిస్తాయి. బేతోవెన్, షూబర్ట్ అస్థికలను వేరే శ్మశానం నుంచి 1888లో ఇక్కడికి తెచ్చారు. బ్రామ్స్, రెండో యోహాన్ స్ట్రౌస్ కూడా ఇక్కడే ఉన్నారు. వారి నడుమ మొజార్ట్‌కు స్మారకం మాత్రమే ఉంది. ఆయనను ఖననం చేసింది సెయింట్ మార్క్స్ శ్మశానంలో.

అక్కడి నుంచి మొదటి ద్వారం వైపున్న పాత యూదుల విభాగానికి వెళ్లాం. ఈ భాగాన్ని చూడకుండా ఆ వాటికను చూశామని అనుకోవడం సరికాదని నా అభిప్రాయం. సమాధిరాళ్ల మీదికి తీగలు పాకి ఉన్నాయి, వాటి మధ్య పెద్ద చెట్లు మొలిచాయి, కొన్ని రాళ్లు ఒరిగిపోయాయి. వాటిని చూసుకోవలసిన కుటుంబాలను 1938 తర్వాత నాజీలు దేశం నుంచి తరిమేశారు, లేదా చంపేశారు. ఆస్ట్రియాకు చెందిన యూదులు సుమారు 65,000 మంది ఆ మారణకాండలో ప్రాణాలు కోల్పోయారు. పాడుబడిన ఆ రాళ్ల మీది పేర్లను అక్క ఒక్కొక్కటిగా చదువుతూ నడిచింది. నేను ఆమె వెనకే నడిచాను, మా మధ్య మాటలేమీ లేవు.

మధ్యాహ్నం గుంపెన్‌డోర్ఫర్ వీధిలోని కఫే స్పెర్ల్‌కు వెళ్లాం. 1880 నుంచి ఉన్న కాఫీహౌస్ అది. బిలియర్డ్స్ బల్లలు, కర్ర చట్రాలకు బిగించిన వార్తాపత్రికలు, కిటికీల దగ్గర పాత సోఫాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వచ్చిన కొత్తలోనే ఆ చోటు మాకు అలవాటైంది. వియన్నా కాఫీహౌస్ సంస్కృతిని 2011లో యునెస్కో ఒడంబడిక కింద ఆస్ట్రియా తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అందులోని విశేషం కాఫీ రుచిలో ఉన్నది కొంతే. అక్కడి మర్యాదలో ఉన్నది ఎక్కువ. మెలాంజ్ అనే నురుగుపాల కాఫీ ఒక్కటి చెప్పుకుంటే, చిన్న లోహపు పళ్లెంలో దానితోపాటు మంచినీళ్ల గ్లాసు వస్తుంది. ఆ తర్వాత ఎన్ని గంటలు కూర్చున్నా లేవమని ఎవరూ అనరు. ఆ నీళ్ల గురించి కూడా చెప్పాలి. వియన్నా కుళాయి నీరు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి 1873లో, 1910లో వేసిన రెండు పొడవైన కాలువల గుండా, పంపుల సాయం లేకుండా పల్లానికి ప్రవహిస్తూ నగరానికి చేరుతుంది. ఇంట్లో నీళ్ల క్యాన్లు కొనుక్కునే అలవాటున్న మాకు, వీధి కుళాయి దగ్గర సీసా నింపుకొని నిశ్చింతగా తాగడం ప్రతిరోజూ ఒక సంతోషమే అయింది.

ఆ కాఫీహౌస్‌లో కూర్చునే అక్క సుభాష్ చంద్రబోస్ వియన్నా రోజుల గురించి చెప్పింది. వైద్యం కోసం 1933లో బోస్ ఇక్కడికి వచ్చాడు. సర్దార్ పటేల్ అన్న విఠల్‌భాయ్ పటేల్ కూడా అదే ఏడాది ఈ నగరంలోనే వైద్యం చేయించుకున్నాడు, ఇద్దరూ కలిసి ఇక్కడి నుంచే గాంధీజీ నాయకత్వాన్ని విమర్శిస్తూ ప్రకటన విడుదల చేశారు. మరుసటి ఏడు తన పుస్తక రచనలో సాయంగా ఉండడానికి బోస్ ఎమిలీ షెంకెల్‌ను కార్యదర్శిగా పెట్టుకున్నాడు. తర్వాత ఆమే ఆయనకు భార్య అయింది. వారి కూతురు అనిత 1942లో వియన్నాలోనే పుట్టింది. భర్త తోడు లేకుండానే బిడ్డను ఆ యుద్ధకాలంలో, ఆ తర్వాతి ఆకలి రోజుల్లో, ఎమిలీ తన సంపాదనతో పెంచుకొచ్చింది. అక్క ఈ సంగతులన్నీ తరగతి గదిలో చెప్పినంత శ్రద్ధగా చెప్తుంటే, బయటి వీధిలో నడిచే వృద్ధ స్త్రీలను నేను ఇదివరకటి కంటే ఎక్కువ ఆసక్తితో చూశాను. బయలుదేరేటప్పుడు బిల్లుకు పదోవంతు కలిపి, మొత్తం ఎంత తీసుకోవాలో సర్వరుకు చెప్పి చెల్లించడం అక్కడి పద్ధతి. డబ్బు బల్ల మీద వదిలేసి రావడం బాగుండదు.

శనివారం పొద్దున్నే నాష్‌మార్క్ట్‌కు వెళ్లాం. మా బస వీడెన్ ప్రాంతంలో ఉంది కనుక అది నడక దూరమే. కెటెన్‌బ్రూకెన్‌గాసె మెట్రో స్టేషను పక్కన పాత వస్తువుల సంతలో పాత ఉత్తరాలు, వెండి చెంచాలు, గాజు దీపాలు, ఎవరివో పెళ్లి ఫొటోలు నేల మీదా బల్లల మీదా పరిచి ఉంటాయి. సంత మీదుగా తలెత్తి చూస్తే ఓటో వాగ్నర్ అనే వాస్తుశిల్పి కట్టిన మయోలికా భవనం కనిపిస్తుంది. ముఖభాగమంతా గులాబీ రంగు పూలతీగల పలకలతో నిండిన ఆ భవనాన్ని వర్షం పడితే కడిగినట్టు శుభ్రమయ్యేలా ఆలోచించి కట్టారు. అక్క సంతలో పాత పోస్టుకార్డులు కొన్ని కొన్నది. కొనుగోళ్ల గురించి ఎక్కువ రాయను. ఇళ్లలో పంచడానికి మానర్ వేఫర్లు తీసుకున్నాం. గులాబీ రంగు పొట్లం మీద కెథడ్రల్ బొమ్మ ఉండే ఆ వేఫర్ల కంపెనీ, కెథడ్రల్ మరమ్మతు పనిచేసే ఒక రాతిపనివాడి జీతాన్ని భరిస్తుందని తెలిసి, ఇంకో పొట్లం ఎక్కువే కొన్నాం. కోడలి కోసం అక్క 1718లో మొదలైన వియన్నా పింగాణీ పరంపరకు చెందిన ఆగార్టెన్ కప్పూ సాసరూ కొన్నది. ఒకే బిల్లు 75 యూరోలు దాటినందువల్ల, పాస్‌పోర్టు చూపించి దుకాణంలోనే పన్ను వాపసు పత్రం రాయించుకున్నాం. యూరోపియన్ యూనియన్ బయట నివసించేవారికి ఈ సౌకర్యం ఉంది. బస చేరి పెట్టెలు సర్ది, పింగాణీని, పత్రాన్ని మాత్రం చేతిసంచిలో పెట్టుకున్నాం. అధికారులు వస్తువు చూపించమంటే పెద్ద పెట్టె విప్పవలసిన అవసరం రాకూడదు.

సాయంత్రం స్టేట్ ఒపేరా అనే ప్రభుత్వ ఒపేరా భవనానికి వెళ్లి నిలబడి చూసే టికెట్ల వరుసలో చేరాం. 1,700 పైచిలుకు కుర్చీలున్న ఆ మందిరంలో 400కు పైగా నిలబడే చోట్లు ఉన్నాయి. కుర్చీ టికెట్లు వందల యూరోలు పలుకుతుంటే, ఇవి చాలా తక్కువ ధరకే దొరుకుతాయి. మన సినిమా హాళ్లలో ఒకప్పటి నేల టికెట్టు వంటివే ఇవి. అక్కడా అసలు రసికులు చాలామంది వాటిలోనే ఉంటారు. తలుపు తెరవగానే అందరూ తమకు నచ్చిన చోటికి చేరి, కమ్మీకి ఒక స్కార్ఫు కట్టేస్తారు. ఆ తర్వాత బయట తిరిగి వచ్చినా ఆ చోటును ఎవరూ ఆక్రమించరు. అక్క తన శాలువాను కమ్మీకి ముడివేసింది, పక్కనే నేను చున్నీ కట్టాను. మా పక్కన నిలబడిన ఒక పెద్దాయన వాటి నేత చూసి, ఏ ఊరివని అడిగాడు. మంగళగిరి అని చెప్పాను.

ప్రదర్శన మొదలయ్యేలోగా మెట్ల దారి, ముందరి మందిరాలు మళ్లీ చూశాం. 1869లో తెరిచిన ఈ భవనం 1945 మార్చిలో బాంబుదాడికి కాలిపోయింది. వేదికా ప్రేక్షకశాలా నాశనమైనా, ఈ మెట్లూ ముందరి భాగమూ మిగిలాయి. దేశానికి తిండి చాలని రోజుల్లోనే పునర్నిర్మాణం మొదలుపెట్టి, 1955 నవంబరు 5న బేతోవెన్ రాసిన ఒపేరాతో మళ్లీ తెరిచారు. నాలుగు దేశాల సైన్యాలు ఆస్ట్రియాను విడిచి వెళ్లింది కూడా ఆ సంవత్సరమే. ఆ రోజు తలుపులు తెరుచుకున్నప్పుడు జనం ఎంత పొంగిపోయి ఉంటారో ఆ మెట్ల మీద నిలబడితే ఊహకు అందుతుంది.

ఆ రాత్రి ఆడింది మొజార్ట్ "మేజిక్ ఫ్లూట్". 1791 సెప్టెంబరు 30న దాని తొలి ప్రదర్శన జరిగింది మేము బస చేసిన వీడెన్ ప్రాంతంలోనే, ఇప్పుడు లేని ఒక నాటకశాలలో. సామాన్య జనం కోసం, వాళ్ల భాషలో రాసిన ఒపేరా అది. మొజార్ట్ స్వయంగా వాద్యబృందాన్ని నడిపించాడు. ఆ తర్వాత రెండు నెలలకే, డిసెంబరు 5న, 35 ఏళ్ల వయసులో మరణించాడు. నిలబడే చోట కూడా ఎదురుగా చిన్న తెర ఉంటుంది, పాడే మాటలను దాని మీద ఇంగ్లీషులో చదువుకోవచ్చు. అయినా కాసేపటికి చదవడం మానేశాం. పిట్టలు పట్టే పపగేనో పాత్ర వేదిక మీదికి వచ్చిన ప్రతిసారీ అక్క ముఖం వెలిగిపోయింది. విరామంలో మెట్ల మీద కూర్చుని కాళ్లకు విశ్రాంతి ఇచ్చి, మళ్లీ శాలువా దగ్గరికి వచ్చి నిలబడ్డాం. అన్ని గంటలు నిలబడిన అలసట నాకు ఒపేరా ముగిసి దీపాలు వెలిగే దాకా తెలియలేదు. మొదటి వారంలో ఇదే భవనాన్ని గైడు వెంట నడిచి చూశాం, అప్పుడు అదొక అందమైన కట్టడంగా మాత్రమే అనిపించింది. ఆ రాత్రి మాత్రం అది ఊపిరి పోసుకొని కనిపించింది.

ఆదివారం U అక్షరం గుర్తుగా ఉన్న మెట్రోలో నాలుగో మార్గం పట్టుకొని హైలిగెన్‌స్టాట్ చేరి, అక్కడి నుంచి 38ఏ బస్సులో కాలెన్‌బెర్గ్ కొండకు వెళ్లాం. 484 మీటర్ల ఎత్తున్న ఆ కొండ దగ్గరే 1683 సెప్టెంబరు 12న పోలండు రాజు యాన్ సొబియెస్కీ నాయకత్వంలోని సేనలు కిందికి దిగి, ఆటోమన్ తురుష్కుల ముట్టడి నుంచి వియన్నాను విడిపించాయి. ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. కెథడ్రల్ దక్షిణ గోపురం, ఐక్యరాజ్యసమితి భవనాలు, డాన్యూబ్ టవర్ ఒకదాని తర్వాత ఒకటి గుర్తుపట్టాం. వచ్చిన తొలి రోజున ఇక్కడికి వచ్చి ఉంటే ఇవన్నీ పేర్లు తెలియని కట్టడాలే. చివరికి వచ్చినందువల్ల, నడిచిన వీధులన్నిటినీ పైనుంచి కలిపి చూసుకోగలిగాం. ఎత్తైన చోటి నుంచి నగరాన్ని చూడడం చివరి రోజుకు ఉంచుకోవడమే మంచిదని అందుకే అంటాను.

డాన్యూబ్ నది రెండు పాయల నడుమ సన్నగా, పొడవుగా కనిపించే దీవిని చూస్తూ అక్క చాలాసేపు నిలబడింది. వరదల నుంచి నగరాన్ని కాపాడడానికి 1972 నుంచి 1988 వరకు కొత్త పాయ ఒకటి తవ్వి, ఆ మట్టితోనే 21 కిలోమీటర్ల పొడవైన ఆ దీవిని కట్టారు. వరద వచ్చినప్పుడు కొత్త పాయలోకి నీళ్లు వదులుతారు. మిగతా రోజుల్లో జనం అందులో ఈత కొడతారు, దీవి మీద సైకిళ్లు తొక్కుతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తిన కొద్దిరోజులకే ఆస్ట్రియాలోనూ భారీ వరదలు వచ్చాయి. వీన్ అనే చిన్న నది పొంగి మెట్రో రాకపోకలు ఆగాయి గానీ, డాన్యూబ్ వల్ల నగరం మునగలేదు. విజయవాడలోని సింగ్‌నగర్‌లో తనకు తెలిసిన ఇళ్లు నీళ్లలో ఉన్న రోజులను తలచుకొని, "ముందుగా తవ్వి పెట్టుకున్నారు చూశావా" అని మాత్రం అక్క అంది.

అక్కడి నుంచి ద్రాక్షతోటల మధ్యగా నుస్‌డోర్ఫ్ వైపు కాలినడకన దిగాం. మహానగరపు సరిహద్దుల్లోనే కొన్ని వందల హెక్టార్లలో ద్రాక్ష పండించే రాజధాని వియన్నా. కోతల కాలం కావడంతో కొన్ని తోటల్లో గుత్తులు ఇంకా ఉన్నాయి, కొన్నింటిలో ఆకులు మాత్రమే పసుపుబారుతున్నాయి. ఒకే తోటలో పలు రకాల ద్రాక్షలను కలిపి నాటి, కలిపే కోసి, కలిపే పిండడం ఇక్కడి ప్రత్యేక పద్ధతి. కింద వాగు పక్కన బేతోవెన్ నడిచిన దారి వస్తుంది. వినికిడి పోతున్న వేదనలో, 1802లో ఆయన తన తమ్ముళ్లకు ఉత్తరం రాసింది ఆ పక్కనున్న హైలిగెన్‌స్టాట్‌లోనే. ఆ ఉత్తరాన్ని ఆయన పంపలేదు, మరణించాక కాగితాల్లో దొరికింది.

దారిలో ఒక హాయ్‌రిగర్‌లో ఆగాం. ద్రాక్ష పండించేవాళ్లు తమ సొంత ద్రాక్షసారాను, తిండిని ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి అనుమతించాడు. అప్పటి నుంచి ఈ పెరటి భోజనశాలలు నడుస్తున్నాయి. గుమ్మం పైన పచ్చని కొమ్మల కట్ట వేలాడితే ఆ రోజు తెరిచారని గుర్తు. తిండి మనమే లోపలికి వెళ్లి తెచ్చుకోవాలి, పానీయాలు బల్ల దగ్గరికే తెస్తారు. మేము ద్రాక్షరసమే తీసుకున్నాం. నల్లరొట్టె, మిరపపొడి రంగున్న లిప్టవర్ చీజ్, ఊరగాయ దోసకాయలు, ఉడికించిన గుడ్లు తెచ్చుకున్నాం. మాంసం తినని మా ఇద్దరికీ అవి సంపూర్ణమైన భోజనం. బంగాళాదుంపల సలాడును మాత్రం మాంసపు రసంతో కలిపే అలవాటు అక్కడ ఉంది కనుక, అడిగి తెలుసుకొని వదిలేశాం. వాల్‌నట్ చెట్టు కింద పొడవాటి బల్ల మీద పక్కనున్న కుటుంబంలోని పిల్లలు మాకు తమ కేకు రుచి చూపించారు. చీకటి పడే వేళకు నుస్‌డోర్ఫ్ నుంచి డీ ట్రామ్ ఎక్కి, రింగ్ మీదుగా పార్లమెంటు, మ్యూజియం, ఒపేరా అన్నిటినీ దాటుకుంటూ బసకు చేరాం.

పెట్టెలు సిద్ధంగా ఉన్నందువల్ల సోమవారం ఉదయం మాకు రెండు గంటల తీరిక మిగిలింది. దగ్గరలోని బెల్వెడేర్ తోటలో గడిపాం. ఆ తోటలోకి టికెట్టు అక్కర్లేదు. 1955 మే 15న ఆస్ట్రియా స్వాతంత్ర్యాన్ని తిరిగి నెలకొల్పిన ఒప్పందం మీద సంతకాలు జరిగిన భవనం అదేనని అక్క గుర్తుచేసింది. తర్వాత ప్రధాన రైల్వే స్టేషను నుంచి రైలెక్కి పావుగంటలో విమానాశ్రయం చేరాం. దుబాయి మీదుగా వెళ్తున్నందున యూరోపియన్ యూనియన్‌లో మాకు వియన్నాయే చివరి చోటు. కాబట్టి పన్ను వాపసు ముద్ర అక్కడే వేయించుకోవాలి. కస్టమ్స్ అధికారి పాస్‌పోర్టు, విమాన టికెట్టు, బిల్లు చూసి, పింగాణీ పెట్టె తెరిపించి చూసి, పత్రం మీద ముద్ర వేశాడు. ముద్ర పడ్డ పత్రాన్ని కవరులో పెట్టి అక్కడి పెట్టెలో వేశాం. కొన్ని వారాలకు ఆ సొమ్ము అక్క కార్డులో జమ అయింది, కప్పూ సాసరూ పగలకుండా విజయవాడ చేరాయి.